అక్షరము ఎవరి సొత్తు?

అక్షరమనగా నశింపనిది అని పెద్దలు చెప్పుదురు. దానికి యజమాని లేడు. ఓనమాలు దిద్దుకొనిన బాలుడు ఎవరికిని రుసుము చెల్లింపనక్కర లేదు. పలక మీద వ్రాసిన 'క' ను చదువుటకు ఎవరి అనుమతియు అవసరము లేదు. ఈ స్వాతంత్ర్యము మనకు గాలివలె, వెలుతురువలె లభించినది గనుక దానిని గూర్చి ఆలోచింపవలసిన పని ఇంతవరకు మనకు కలుగలేదు.

కాని అక్షరము పలకను విడిచి కంప్యూటరు తెరమీదికి ఎక్కిన పిమ్మట సంగతి మారినది. తెరమీద మనకు కనబడు అక్షరము చేతితో వ్రాసినది కాదు. యంత్రము గీసిన బొమ్మ. అక్షరమునకు యజమాని లేకున్నను, ఆ బొమ్మను గీయు పద్ధతికి యజమాని ఉండవచ్చును. ఆ యజమాని దుకాణము మూసినచో మన వ్రాత ఏమి కావలయును? తెలుగు పంతులుకు ఈ కంప్యూటరు గొడవ ఏల యని కొందరు నవ్వవచ్చును. అయినను ఈ ప్రశ్న తెలుగు పంతులుకే ముందుగా తగులునని మా అనుభవము. కావున విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మొదట ప్రమాణమనగా నేమో తెలిసికొందము. మన చాళ్లలో ఏ గదికి పోయినను దీపపు బల్బు ఒకే విధమైన హోల్డరులో ఇముడును. బల్బు ఏ కంపెనీదైనను సరే, హోల్డరు ఏ దుకాణములో కొన్నదైనను సరే. దాని కొలతలు అందరికిని తెలిసినవి. ఎవరైనను ఆ కొలతలకు సరిపోవునట్లు బల్బు చేసి అమ్ముకొనవచ్చును. ఇది బహిరంగ ప్రమాణము. ఇక మొన్నటి మొన్నటి వరకు సెల్‌ఫోను చార్జరులు ఎట్లుండెడివో జ్ఞాపకము చేసికొనుడు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క పిన్ను. ఫోను మారిన చార్జరు మారవలసినదే. ఇది సొంత ప్రమాణము. దాని కొలతలు ఒక సంస్థ గుప్పిటిలో ఉండును. ఆ సంస్థ దయ యున్నంత కాలము మనకు సుఖము. ఈ బాధ పడలేకయే ఐరోపా సమాఖ్యవారు 2024 డిసెంబరు 28 నుండి తమ దేశములలో అమ్ము క్రొత్త ఫోనులన్నిటికిని యు.ఎస్.బి. సి అను ఒకే విధమైన రంధ్రము ఉండవలెనని శాసించిరి.

చార్జరు పోయిన మరియొకటి కొనుక్కొనవచ్చును. వ్రాత పోయిన ఎక్కడ కొనుక్కొందుము?

కామాఠిపురము అను పేరు మనవారి చెమటనుండి పుట్టినది. 18వ శతాబ్ది చివరినుండి నిజాము రాజ్యపు తెలుగు సీమలనుండి వచ్చి, రాళ్లు మోసి, మన్ను ఎత్తి ఈ నగరమును కట్టిన కూలీలను కామాఠీలు అనిరి. పిమ్మట మిల్లులు వచ్చినవి. పద్మశాలీలు ఇంటి మగ్గములు విడిచి వర్లీ, లోయర్ పరేలు, నాయిగాము ప్రాంతముల చాళ్లలో చేరిరి. 1920 దశకమున కట్టిన బి.డి.డి. చాళ్లలోను మన ఇండ్లు వెలసినవి. 1982 జనవరిలో ఆరంభమైన మిల్లు సమ్మె పిమ్మట పొగగొట్టములు ఒక్కొక్కటిగా చల్లారినవి. నేడు పాత చాళ్ల స్థానమున మేడలు లేచుచున్నవి. ఇంత చరిత్రలో బయటివారు కామాఠిపురమును గూర్చి వ్రాయునది ఒకే ఒక్క సంగతి. అది ఏదో మన పిల్లలకు చెప్పనక్కర లేదు. ఊరి పేరు చెప్పగానే ఎదుటివారి ముఖము మారుట వారెరుగుదురు. మనవారి కథ మనవారు వ్రాసికొననిచో, వ్రాసియు నిలుపుకొననిచో, బయటివారు వ్రాసినదే మన చరిత్రగా మిగులును.

ఈ తలంపుతోనే సుమారు ఇరువది ఏండ్ల క్రిందట, మేము ఈ నగరమునకు వచ్చిన క్రొత్తలో, తొమ్మిదవ తరగతి పిల్లలను ఒక పనికి పురికొల్పితిమి. ప్రతి పిల్లవాడును తన తాతనో అవ్వనో అడుగవలెను. ఏ ఊరినుండి వచ్చితిరి? ఏ మిల్లులో ఏ ఖాతాలో పని చేసితిరి? ఏ పాటలు పాడుకొంటిరి? పిల్లలు నలువది పుటల విషయము తెచ్చిరి. ఒక అవ్వ, నల్లా నీళ్లకు రాత్రి రెండు గంటలకు బిందెలు వరుసగా పెట్టి, ఆ బిందెల ప్రక్కనే కూర్చుండి కొడుకునకు ఎక్కములు చెప్పించినానని చెప్పినది. ఒక తాత తాను నడిపిన మగ్గముల సంఖ్యలను ఏబది ఏండ్ల తరువాత కూడ తప్పక చెప్పెను.

ఆ పుటలను మా వీధిలోని ఒక డి.టి.పి. దుకాణమువారు అక్షరములు కూర్చి అచ్చు వేయించిరి. అప్పటికే మాకు ఒక చిన్న హెచ్చరిక అందియున్నది. హైదరాబాదులో ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు మేము కంప్యూటరులో కూర్చుకొనిన పాఠ్యప్రణాళికలను ఇక్కడికి తెచ్చి తెరచి చూడగా, తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరములును విరామ చిహ్నములును కలగాపులగముగా కనబడినవి. అక్కడ వాడిన ఫాంటు వేరు, ఇక్కడి దుకాణము ఫాంటు వేరు. భాష ఒక్కటే, లిపి ఒక్కటే. కాని హైదరాబాదు తెలుగును బొంబాయి యంత్రము చదువలేకపోయినది.

కొన్నేండ్లు గడచినవి. అచ్చు ప్రతులలో అధికభాగము వానలకు తడిసి, చెదలు పట్టి పోయినవి. దుకాణము మూతపడినది. సి.డి. మాత్రము మా బీరువాలో మిగిలినది. దానిని తెరచితిమి. నలువది పుటలును ఉన్నవి. ఒక్క తెలుగు అక్షరమును లేదు. ఆ ఫాంటు పని చేయవలెనన్న కంప్యూటరు వెనుక డాంగిల్ అను ఒక చిన్న తాళము గుచ్చవలెనట. ఆ తాళము దుకాణముతో పాటే పోయినది. చెప్పిన తాతలలోను అవ్వలలోను పలువురు అప్పటికి లేరు.

ఇట్లు ఏల జరిగినదో పిల్లలు గ్రహింపవలెను. కంప్యూటరునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. ప్రతి అక్షరమునకు ఒక అంకె ఇచ్చి, ఆ అంకె వచ్చినప్పుడు ఈ బొమ్మ గీయుమని చెప్పవలెను. ఆ కాలపు కంప్యూటరులలో ఇందుకు సామాన్యముగా 256 స్థానములు మాత్రమే యుండెడివి. అవియు ఇంగ్లీషును దృష్టియందుంచుకొని ఏర్పరచినవి. తెలుగు ఫాంటులు చేసినవారు ఆ ఇంగ్లీషు స్థానములలోనే మన తలకట్టులను, గుడులను, ఒత్తులను కూర్చిరి. ఏ ముక్కను ఏ స్థానమున పెట్టవలెనో ఎవరి ఇష్టము వారిది. ఆ పట్టిక వారి వ్యాపార రహస్యము. యంత్రము దృష్టిలో ఆ వ్రాత ఇంగ్లీషే. పైన తెలుగు ముసుగు మాత్రము వేయబడినది. ముసుగు పోయిన లోపలిది బయటపడును.

ఆ ఫాంటులు చేసినవారిని నిందించుట న్యాయము కాదు. వారి పూనిక లేకున్న ఆ దినములలో మన శుభలేఖలు, కరపత్రములు, పాఠ్యపుస్తకములు కంప్యూటరు మీద తయారయ్యెడివి కావు. ఆ అక్షరములలో అందమైనవి అనేకము. పెద్ద దినపత్రికలు సైతము అంతర్జాలమున మొదట తమ తమ సొంత ఫాంటులనే వాడినవి. ఒక పత్రిక ఫాంటుతో మరియొక పత్రికను చదువ వీలు లేకుండెను. ఆ గోడలను దాటించుటకు 'పద్మ' వంటి మార్పిడి సాధనములను కొందరు ఉత్సాహవంతులు ఉచితముగా చేసి యిచ్చిరి. కాని మా సి.డి.లోని ఫాంటు పట్టిక అట్టి సాధనములకును అందలేదు.

చివరకు పిల్లలే దారి చూపిరి. చెదలు తినగా మిగిలిన ప్రతులలో పదునాలుగు పుటలు చదువ వీలైనవి. ఆ పుటలను తెరమీది కలగాపులగముతో పంక్తికి పంక్తి సరిపోల్చి, ఏ ఇంగ్లీషు గుర్తు ఏ తెలుగు ముక్కకు బదులుగా నున్నదో ఒక పట్టిక వ్రాసిరి. శాసనములు చదువువారు చేయు పని ఇదియే కదా! మూడు నెలలకు పట్టిక పూర్తి అయినది. దానితో తక్కిన పుటలును మాట్లాడినవి. నల్లా దగ్గర ఎక్కములు చెప్పించిన అవ్వ మాట తిరిగి దొరకిన దినమున, ఆమె మనుమరాలు మా తరగతిలోనే యున్నది. ఆ పిల్ల ఆ పుటను తన చేతితో నకలు వ్రాసికొని ఇంటికి కొనిపోయినది.

అయితే తాళము పగులగొట్టి మన ఇంటిలోనికి మనమే దొంగలవలె పోవలసివచ్చుట ఎంత వింత! తాళమే లేని పద్ధతి యొకటి అప్పటికే యున్నది. దాని పేరు యూనికోడు. 1991లో దాని మొదటి కూర్పు వెలువడినది. అందులోనే తెలుగునకు స్థానము దొరకినది. దానికి పునాదిగా మన దేశమున ఇస్కీ అను ప్రమాణము ఏర్పడియుండెను. దానిని కూడ భారతీయ ప్రమాణముల సంస్థ 1991లోనే ప్రకటించినది.

యూనికోడును మన కామాఠిపురపు పిల్లలకు బోధించుట మిక్కిలి సులభము. మన గల్లీలకు పేర్లకంటె అంకెలే ప్రసిద్ధములు గదా. యూనికోడులో ప్రతి లిపికి ఒక గల్లీ. మన దేశపు ముఖ్య లిపుల గల్లీలలో ఒక్కొక్క దానిలో 128 గదులు. తెలుగు గల్లీ 3072వ సంఖ్యతో మొదలగును. సున్న మొదలు లెక్కింపగా 21వ గదిలో 'క' ఉండును, అనగా 3093. మరాఠీ వ్రాయు దేవనాగరి గల్లీ 2304తో మొదలగును. అందులోను 'క' 21వ గదిలోనే, అనగా 2325లో ఉండును. గుజరాతీ గల్లీలోను, కన్నడ గల్లీలోను 'క' కు అదే గది. బొంబాయి చాళ్లలో మరాఠీ, గుజరాతీ, కన్నడ, తెలుగు కుటుంబములు ఇరుగుపొరుగున ఒకే కొలత గదులలో కాపురమున్నట్లు, ఈ అక్షరములును ఒకే అమరికలో కాపురమున్నవి. ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు అమరికయు ఇట్టిదే. ఇంగ్లీషు 'కె' మీట నొక్కిన మరాఠీలో మరాఠీ 'క', తెలుగులో తెలుగు 'క' వచ్చును. ఒక భాషలో టైపు నేర్చిన పిల్లకు రెండవ భాష సగము వచ్చినట్లే.

ఈ గదుల పట్టిక రహస్యము కాదు. ఎవరైనను చూడవచ్చును, ఎవరైనను వాడవచ్చును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. గౌతమి అను తెలుగు ఫాంటుతో దీనిని సామాన్యుల కంప్యూటరులకు అందించినది. నేడు సెల్‌ఫోనులో మీరు పంపు ప్రతి తెలుగు మాటయు ఈ అంకెలతోనే ప్రయాణము చేయును. కావుననే కరీంనగరులోని మేనత్త పంపిన జాబు బొంబాయి ఫోనులో చక్కగా కనబడుచున్నది.

అంకె కుదిరినంత మాత్రమున పని ముగియదు, బొమ్మ గీయవలెను. 'క్త' అను అక్షరమును తీసికొనుడు. యూనికోడులో అది మూడు అంకెలు: క, పొల్లు, త. తెరమీద మాత్రము అది ఒకే అక్షరముగా, క్రింద ఒత్తుతో కనబడవలెను. ఈ కూర్పు చేయుట కంప్యూటరు చిత్రలేఖనమున, అనగా గ్రాఫిక్సులో, ఒక సూక్ష్మమైన విద్య. ఇక్కడను తాళముల కథ కలదు. అక్షరపు అంచుల వంపులను గణితముతో వర్ణించు టైప్ 1 అను పద్ధతిలో కొన్ని మెలకువలను అడోబీ సంస్థ మొదట రహస్యముగా నుంచెను. దానికి పోటీగా ఆపిల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు చేతులు కలిపి ట్రూటైపు అను వేరొక పద్ధతిని ప్రకటింపగా, 1990లో అడోబీవారు తమ రహస్యమును బయటపెట్టవలసివచ్చినది. తుదకు అడోబీయు మైక్రోసాఫ్టును కలిసి ఓపెన్ టైపును నిర్మించిరి. అది 2007లో అంతర్జాతీయ ప్రమాణమైనది. మన ఒత్తులు, గుణింతములు నేడు చక్కగా కనబడుచున్నవన్న అది దాని చలువయే. ఆ పాత టైప్ 1 ఫాంటులను తమ సాధనములలో ఆదరించుట అడోబీవారు 2023 జనవరిలో మానివేసిరి.

అక్షరములు కూర్చు పనిలో హార్ఫ్‌బజ్ అను ఉచిత సాధనము ఒకటి కలదు. హర్ఫ్ అనగా అక్షరమని మన ఉర్దూ మిత్రులు చెప్పుదురు. పారసీకమున బాజ్ అనగా తెరచినది. తెరచిన అక్షరమని దాని పేరునకు అర్థము! ఆండ్రాయిడు ఫోనులలోను, క్రోము, ఫైర్‌ఫాక్సు బ్రౌజరులలోను తెలుగును కూర్చునది ఇదియే. దాని లోపలి రచనను ఎవరైనను చదివి, తప్పున్న దిద్దవచ్చును. ఇక 2018 ఫిబ్రవరిలో జరిగిన ముచ్చట వినుడు. 'జ్ఞా' అను మన అక్షరమును ఒక కనబడని గుర్తుతో కలిపి పంపినచో ఐఫోనులలో ఆ సందేశము తెరచిన సాధనము కుప్పకూలుచుండెను. జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమే యంత్రమును మూర్ఛిల్ల జేసినదని లోకము నవ్వినది. ఆపిల్ సంస్థ కొలది దినములలోనే, ఆ నెల 19వ తేదీన, దానిని సరిచేసినది. అందుకు వారిని మెచ్చుకొనవలసినదే. కాని తెలుగు వచ్చినవాడు ఎంత ప్రోగ్రామింగు ఎరిగినవాడైనను ఆ దినములలో చేతులు కట్టుకొని వేచియుండుట తప్ప చేయగలిగినది లేదు. తాళపుచెవి వారియొద్ద మాత్రమే యుండెను.

మన పిల్లలలో చాలమందికి కంప్యూటరు ఆటలయందును, కదలు బొమ్మలయందును మక్కువ ఎక్కువ. ఆ విద్య నేర్వదలచిన వారు అక్కడను ఇదే కథ యని తెలిసికొనవలెను. మగ్గము ఎరిగిన ఇండ్లవారికి ఇది సులువుగా తెలియును. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియోనులో జోసెఫ్ మరీ జకార్డు రంధ్రములు గల అట్టలతో బట్టమీద బొమ్మలు నేయు యంత్రమును చేసెను. ఒక కొలత యంత్రమునకు పొడిచిన అట్టలు వేరొక కొలత యంత్రమునకు పనికి రావు. పువ్వు అదే అయినను అట్టలు తిరిగి పొడువవలెను. కంప్యూటరు బొమ్మలును అంతే. 1992లో సిలికాన్ గ్రాఫిక్సు సంస్థ తన సొంత పద్ధతిని సవరించి ఓపెన్ జి.ఎల్. అను పేర బహిరంగ ప్రమాణముగా ఇచ్చినది. 1996లో మైక్రోసాఫ్టు విండోసునకు మాత్రమే పనికివచ్చు డైరెక్ట్3డిని వెలువరించినది. 2014లో ఆపిల్ తన యంత్రములకు మెటల్ అను మరియొక పద్ధతిని చేసికొని, 2018లో ఓపెన్ జి.ఎల్. ను ఇక విడువబోవుచున్నామని ప్రకటించినది. బహిరంగ పక్షమున 2011లో వెబ్‌జి.ఎల్., 2016లో వల్కన్ వచ్చినవి. సొంత పద్ధతి తన యంత్రము మీద చురుకుగా పరుగెత్తును, సందేహము లేదు. కాని ఆట వ్రాసినవాడు యంత్రము మారినప్పుడెల్ల అట్టలు తిరిగి పొడువవలెను. వెబ్‌జి.ఎల్. నేర్చిన పిల్లవాడు ఏ బ్రౌజరులోనైనను, ఏ రుసుమును లేకుండ, నేడే ఒక త్రికోణమును గీచి చూపవచ్చును. చాలీ గదిలో పాత కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లకు ఇది చిన్న మేలు కాదు.

బహిరంగ ప్రమాణములలో లోపములు లేవని మేము చెప్పము. అవి సభలలో పుట్టును గనుక నెమ్మదిగా నడచును. యూనికోడు సభలో పూర్తి ఓటు గలవారు పెద్ద రుసుము చెల్లించు సంస్థలే. అందులో పైన చెప్పిన పెద్ద కంపెనీలును కలవు. అయినను తలుపు మూసియుండదు. ఎవరైనను ఆధారములతో విజ్ఞప్తి పంపవచ్చును. పాత తెలుగు గ్రంథములలోని నకార పొల్లునకు 2021లో, 14వ కూర్పున, ఆ గల్లీలో ఒక గది దొరకినది. ముప్పది ఏండ్లు ఆలస్యమైనది, నిజమే, కాని దొరకినది. అట్లే అందమైన ఉచిత ఫాంటులు లేవను మాటయు నేడు చెల్లదు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వమును సిలికానాంధ్ర సంస్థయు కలసి గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, ధూర్జటి మున్నగు పేర్లతో వెలువరించిన ఫాంటులను ఎవరైనను ఉచితముగా వాడవచ్చును.

పెద్ద భాషలకు ఈ జాగ్రత్త అంతగా లేకున్నను గడచిపోవును. లక్షల మంది కొనువారున్నచోట తాళము పోయిన మరియొక తాళపుచెవిని ఎవరో ఒకరు చేసి అమ్ముదురు. బొంబాయి చాళ్లలోని తెలుగు కొరకు ఎవరు చేయుదురు? తెలుగు మాధ్యమ తరగతులలో పిల్లలు ఏటేటా తగ్గుచున్నారని మనమెరుగుదుము. సంఖ్య తక్కువైనవారు ఎవరి గుప్పిటిలోను ఉండని మార్గమునే పట్టవలెను. మునిసిపాలిటీ నల్లా నెమ్మదిగా పారిన పారవచ్చును. కాని అది ఒకరి ఇంటిలోని నుయ్యి కాదు.

కావున మా పాఠశాల పత్రికకు ఒక నియమము పెట్టుకొంటిమి. ప్రతి రచనయు యూనికోడులోనే ఉండవలెను. ఫాంటు అందరికిని ఉచితముగా దొరకునదై యుండవలెను. అచ్చు దుకాణమునుండి పి.డి.ఎఫ్. తో పాటు వట్టి అక్షరముల ప్రతిని కూడ తీసికొని, రెండు మూడు చోట్ల దాచవలెను. తల్లిదండ్రులకు మా మనవి ఏమనగా, మీ సంఘముల సభ్యుల పట్టికలు, దేవాలయముల లెక్కలు, పెద్దల జీవిత విశేషములు అచ్చు వేయించునప్పుడు దుకాణమువానిని ఒక్క ప్రశ్న అడుగుడు: "ఇది యూనికోడేనా?" కాదన్నచో యూనికోడులో చేసి యిమ్మని పట్టుబట్టుడు.

బాలబాలికలారా! మీ ఇంట ఇంకను తాతయో, అవ్వయో ఉన్నచో ఈ సెలవులలో వారి చెంత కూర్చుండుడు. ఏ ఊరు, ఏ మిల్లు, ఏ పాట యని అడుగుడు. వారు చెప్పినది ఫోనులోనే తెలుగున టైపు చేయుడు. ఆ నలువది పుటలకు మరి నలువది చేర్చుటకు మా బీరువాలో చోటున్నది. దానికి తాళము లేదు.